రోడ్సు ఓడ, ఎర్రగడ్డల లారీ

ఆ పాఠం వచ్చేసరికి నా గొంతు మారిపోతుందని కడపలో మా కాలేజీ పిల్లలు అంటారు. అలెగ్జాండరు పోయిన తర్వాత గ్రీకు రాజ్యాల వ్యాపారం, సిలబస్‌లో అదొక చిన్న అధ్యాయం. పరీక్షలో వస్తే వస్తుంది, లేకుంటే లేదు. పిల్లలకు యుద్ధాలంటే ఇష్టం, ఏనుగులంటే ఇష్టం. "ఆయప్ప చచ్చిపోయినంక ఎవుడేం అమ్ముకుంటే మనకేంది మేడం?" అని మొన్న ఒకడు ముందు బెంచీలో కూర్చునే అడిగాడు. వాడి ధైర్యానికి ముచ్చటేసింది. "ఒరే నాయనా, రాజులు చచ్చిపోతారు. ఉప్పూ చింతపండూ కొనేవాళ్ళు చావరు. నోరు మూసుకుని రాసుకో," అన్నాను.

మధ్యధరా సముద్రంలో రోడ్సు అని ఒక ద్వీపం. చేలకంటే రేవును నమ్ముకుని బతికిన ఊరు. ఐగుప్తు గోధుమలు ఆ రేవుకే వచ్చేవి. (బైబిలు చదివే ఇంట్లో పుట్టాను, ఈజిప్టు అనడం నాకు ఇప్పటికీ నోరు తిరగదు.) దీవుల ద్రాక్షసారా, ఆలివ్ నూనె, తూర్పు నుంచి వచ్చే సాంబ్రాణి, అన్నీ ఆ దారినే. ద్రాక్షసారా జాడీలను పట్టుకునే చెవుల మీద చేసినవాడి ముద్ర, అధికారి ముద్ర కొట్టేవారు. ఆ విరిగిన చెవులు ఇప్పటికీ దేశదేశాల మట్టిలో దొరుకుతున్నాయి. ఒక ఓడలో ఒక్కడి సరుకే ఉండదు. నలుగురైదుగురు వ్యాపారులు కలిసి ఎక్కిస్తారు. నడిసముద్రంలో తుఫాను పట్టుకుంటే ఓడ బరువు తగ్గాలి, చేతికందిన సరుకు నీళ్ళలో పారేయాలి. చేతికందేది పైనున్నదే కదా! గట్టు చేరాక పైన పెట్టినవాడు ఉత్త చేతులతో దిగుతాడు, అడుగున పెట్టినవాడు నిండు సరుకుతో దిగుతాడు.

ఇక్కడ ఆగి, నష్టం ఎవరిదో చెప్పండి అంటాను.

"పోయినోనిదే మేడం. వాని గాచారం," అని అరుస్తారు, ఏ ఏడైనా అంతే. నాకు కోపం రాదు. నేనూ పీజీ మొదటి ఏడాది దసరా సెలవుల్లో, ఒక లారీ పక్కన తడిసిన చెప్పులతో నిలబడి సరిగ్గా అదే అనుకున్నాను. అందుకే మిగతా పాఠం పుస్తకం మూసి చెబుతాను.

మాది కర్నూలుకు పడమట, సగం కన్నడం కలిసిన ఊరు. నేను ఇంటర్ చదివేటప్పుడే నాయన పోయాడు. మిగిలింది అమ్మా నేనూ. చర్చి వెనక చిన్న మెట్ట చెక్క మా సొంతం. దానికి తోడు తారురోడ్డు పక్కన ఒక చేను కౌలుకు తీసుకుని ఎర్రగడ్డలు, అదే ఉల్లిగడ్డలు, వేసేది అమ్మ. ఆమె నోరు ఊళ్ళో పేరు పడ్డ నోరు. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసినా దేవుడితో బేరమాడుతున్నట్టే ఉండేది. "నేను నా వంతు చేసినా ప్రభువా, ఇంగ నీ వంతు నువ్వు చూడు," అనేది గట్టిగా, అందరూ వినేటట్టు. పాస్టరుగారు దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకునేవారు.

మా వైపు పంట పోయిన ఇళ్ళకు ఒకటే దారి. ఇంటికి తాళం వేసి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవడం. సుగ్గికి పోవడం అంటాం. పోయినవాళ్ళు వేసవి ముదిరేదాకా తిరిగి రారు. అంతకుముందు ఏడు మా పంట ఎండిపోయింది. అమ్మ చెవులవీ ముక్కువీ అమ్మి గట్టెక్కించింది. ఈ ఏడు అమ్మడానికి ఏమీ లేదు. "గడ్డ బాగ వస్తే నువ్వు కర్నూల్లో చదువుకుంటావు. రాకుంటే ఇద్దరం సుగ్గికే. ఒక్క మనిషి కూలితో కౌలు తీరదు," అని నాట్ల రోజే తేల్చి చెప్పింది. నేను హాస్టల్లో ఉన్నా నా మనసంతా ఆ చేలోనే ఉండేది. ఫోన్ చేస్తే అమ్మ ఎట్లుందని కాదు, గడ్డ ఎట్లుందని అడిగేదాన్ని. అమ్మ కూడా దానికే జవాబు చెప్పేది.

గడ్డ బాగా వచ్చింది. ఎర్రగా, గట్టిగా, చూస్తే కడుపు నిండేట్టు వచ్చింది.

ఊళ్ళో ఒక్క ఇంటి పంటకు లారీ నిండదు. ఇద్దరో ముగ్గురో కలిసి మాట్లాడుకుని కోస్తాకు, తాడేపల్లిగూడెం మార్కెట్టుకు తోలుకుపోతారు. ఎవరి మూటలు వాళ్ళకు తెలియాలి కాబట్టి మూతి కట్టేచోట తలా ఒక గుర్తు. మా అమ్మ పాత ఎర్రచీర చింపి పేలికలు కట్టింది. ఊరి పెద్దరైతు పచ్చ తాడు కట్టాడు. ఆ లారీలో ఎక్కువ మూటలు ఆయనవే. మా పక్క చేను సాయిబు నీలం గుడ్డ కట్టాడు. అమ్మకు ఇద్దరూ అన్నలే, నాకు ఇద్దరూ మామలే. లారీ వాళ్ళ చేలల్లో ఎక్కించుకుని చివరికి రోడ్డు పక్కనున్న మా చేనికి వచ్చింది. మా మూటలు అన్నిటికీ పైన, వెనకవైపు పడ్డాయి. రోడ్డు పక్క చేను దొరకడం అదృష్టమని మురిసిపోయేవాళ్ళం అప్పటిదాకా.

మామూలుగా మగవాళ్ళే లారీ వెంబడి పోతారు. ఈసారి అమ్మ వినలేదు. "నా గడ్డకు ఎవుడెంత పాడతాడో నా కండ్లతో నేను చూడాల," అని కొంగు బిగించి క్యాబిన్ ఎక్కింది. సెలవులు కదా అని నేనూ ఎక్కాను. డ్రైవరు, ఆ పక్కన పెద్దరైతు, తర్వాత అమ్మ, ఎడమ కిటికీ దగ్గర నేను. సాయిబు మూటల మీద పడుకున్నాడు. లారీ డ్రైవరుదే.

నంద్యాల దాటి నల్లమలలోకి ఎక్కేసరికి వాన పట్టుకుంది. అడవిలో ఒకచోట వాగు రోడ్డు మీదుగా పారుతోంది. రెండు కోస్తా లారీలు ఇటుపక్క ఆగి ఉన్నాయి. వాళ్ళు ఇంజన్లు ఆపేసి తీరిగ్గా బీడీలు కాలుస్తున్నారు. "కాసేపు ఆగండి, తగ్గుద్ది," అన్నాడు అందులో ఒకాయన.

వాళ్ళకు నీళ్ళు తెలుసు. మాకు తెలియదు. మాకు ఎండ తెలుసు, గాలి తెలుసు, మబ్బు వచ్చి మొహం చూపించి పోవడం తెలుసు. నీళ్ళు కనిపిస్తే దండం పెట్టడమే గానీ భయపడటం మా వంశాల్లో లేదు. పెద్దరైతు దిగి ఆ ఎర్రనీళ్ళు దోసిలిపట్టి నెత్తిన చల్లుకున్నాడు. జేబులోంచి బిళ్ళ తీసి వాగులో వేశాడు. "గంగమ్మ తల్లీ, ఇట్లాంటి వాగు మా ఊరికి ఒగటి ఇయ్యగూడదా!" అని, వెనక్కి తిరిగి, "మోకాలు లోతు గూడా లేదు, పోనీప్పా," అన్నాడు.

"నీళ్ళను జూసి నిలబడేదేందప్పా? గడ్డ మురిగిపోతాది," అంది అమ్మ కూడా. ఆ మాట అమ్మ కూడా అంది, దాచడమెందుకు.

"సీమోళ్ళకు నీళ్ళంటే సరదా," అని నవ్వాడు కోస్తా ఆయన. మా లారీ వాగులోకి దిగింది.

సగం దూరం బాగానే పోయింది. అక్కడ ఎడమవైపు రోడ్డు అంచు కొట్టుకుపోయి ఉందని నీళ్ళ కింద ఎవరికి కనిపిస్తుంది? వెనక చక్రం అందులోకి జారింది. బండి మొత్తం నా వైపుకి వాలింది. డ్రైవరు పక్క తలుపులోంచి పెద్దరైతు దిగాడు, వెనకాలే అమ్మ దిగింది. నా వంతు వచ్చేసరికి బండి ఇంకాస్త ఒరిగింది. "కదలొద్దు పాపా! ఆడనే కూర్చో, కదిలితే పడతాది!" అని డ్రైవరు అరిచాడు. నేను సీటును పట్టుకుని కూర్చుండిపోయాను. నా కిటికీ కింద నీళ్ళు, ఎంత లోతో తెలియదు, సుడులు తిరుగుతూ పోతున్నాయి.

"ఎనక బరువు తగ్గకుంటే లేవదు. నీళ్ళు ఎక్కువయితాండాయి," అన్నాడు డ్రైవరు స్టీరింగు వదలకుండా.

అందరూ తలెత్తి చూశారు. వెనక, పైన, అన్నీ ఎర్ర పేలికలే. సాయిబు ఒక మూట భుజాన వేసుకుని గట్టుకు మోసుకుపోదామని చూశాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో కాలు జారింది. మూట పోయింది, ఆయన రోడ్డు పక్క రాయిని కరుచుకుని నిలబడ్డాడు. ఇక మోసే మాట లేదని తేలిపోయింది.

"ఏమ్మా," అన్నాడు పెద్దరైతు. ఎప్పుడూ గదిమినట్టు మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు చిన్నదైపోయింది. "నువ్వే చెప్పాల. నీవి గదా."

అమ్మ డ్రైవరు పక్క తలుపులోంచి నా మొహం చూసింది. ఒక్క చూపు. ఆ చూపు అర్థమైందనుకున్నాను. నీ చదువు అయిపోయింది బిడ్డా అని చెబుతోందనుకుని, పళ్ళు బిగబట్టుకుని తలూపాను కూడా.

అమ్మ చీర ఎగ్గట్టి లారీ పైకి ఎక్కింది. నాకు ఆమె కనబడలేదు, గొంతు మాత్రం అడవంతా వినబడింది. "నా పైరు ఎండుతాంటే రాని వాన! మోకాళ్ళ మీద పడి మొక్కితే రాని వాన! నీ నోట్లో మన్ను పడ, ఇప్పుడొస్తివా?" అంటూ మొదటి మూట తోసింది. తర్వాత మగవాళ్ళిద్దరూ ఎక్కారు. ఎర్రగడ్డ నీళ్ళలో తేలుతుంది. నా కిటికీ కిందుగా మా మూటలు ఎర్ర మూతులు పైకెత్తి ఒకదాని వెనక ఒకటి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. కింద ఊళ్ళవాళ్ళు ఆ నెలంతా ఉల్లిగడ్డ కొని ఉండరు.

బండి మూలిగి, ఊగి, ఒక్క ఉదుటున ఎక్కేసింది. అవతలి గట్టున దిగి చూస్తే మావి ఏవో కొన్ని మూటలు మిగిలాయి. వాళ్ళవి ఒక్కటీ పోలేదు. లారీ పక్కన నిలబడి, పోయింది మాదే, మా గాచారం అనుకున్నాను. వాళ్ళ మీద కోపం కూడా రాలేదు. ఎందుకు వస్తుంది, వాళ్ళేం చేశారు?

ఘాటు దిగాక ఒక హోటల్ దగ్గర ఆపారు. అమ్మ టీ ముట్టలేదు. చివరికి, "పుస్తకాలు హాస్టల్లో ఉండాయా?" అంది.

"ఉండాయి."

"ఎవురికన్నా పనికొస్తాయేమో ఇచ్చేయ్. సుగ్గికి పోదాం."

సరే అన్నాను. ఏడిస్తే ఆమెకు ఇంకో బరువు. అవతల లారీ దగ్గర మగవాళ్ళు ముగ్గురూ ఏదో గట్టిగట్టిగా వాదులాడుకుంటున్నారు. మాకు వాటి మీద ధ్యాస లేదు.

మర్నాడు తెల్లారి మార్కెట్టులో లారీ ఆగింది. అమ్మా నేనూ మొహం కడుక్కుని వచ్చేసరికి పెద్దరైతు, సాయిబు లారీ మీద ఉన్నారు. చేతుల్లో కొడవళ్ళు. పచ్చ తాడు కోసి కింద పారేస్తున్నారు, నీలం గుడ్డ కోసి పారేస్తున్నారు. మిగిలిన మా ఎర్ర పేలికలు కూడా. విప్పిన మూతులన్నీ ఒకే రకం పురికొసతో మళ్ళీ కడుతున్నారు.

"ఏమప్పా, ఏం చేస్తాండారు?" అని అరిచింది అమ్మ. "గుర్తులు తీసేస్తే ఎవురివి ఏవో ఎట్ల తెలుస్తాది?"

"తెలియగూడదనే చెల్లీ," అన్నాడు సాయిబు పైనుంచి.

పెద్దరైతు తల ఎత్తకుండానే చెప్పాడు. "ఊర్లో ఎక్కించినప్పుడు ఎవురివి ఎన్నో ముగ్గురికీ తెలుసు. వచ్చిన దుడ్లు ఆ లెక్కనే పంచుకుందాం. పోయిందీ ముగ్గురిదే, ఉండేదీ ముగ్గురిదే."

అమ్మకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నాకు బిచ్చమెయ్యొద్దన్నా. నా గాచారం నేను పడతా. దిగండి కిందికి!"

అంతే, పెద్దరైతు కొడవలి మూట మీద పెట్టి లేచి నిలబడ్డాడు. "ఎవురమ్మా బిచ్చమేసేది? నీ గడ్డ నీళ్ళల్లో పడింది కాబట్టి నా గడ్డ ఈడ ఉండాది. నాది పైన ఉండి, నీది కింద ఉండి ఉంటే నాదే తోసేటోళ్ళం గదా. అప్పుడు నేనొక్కణ్ణే ఏడ్చుకుంటా ఇంటికి పోవల్నా? నువ్వు దుడ్లు కట్టుకోని నా పక్కనే కూర్చోని వస్తావా?"

"రాను," అంది అమ్మ.

"మల్ల?"

అమ్మ వంగి, కింద పడ్డ ఎర్ర పేలిక ఒకటి ఏరుకుని వేలికి చుట్టుకుంది.

"నలుగురితో నారాయణ అంటారు గదా," అన్నాడు సాయిబు నవ్వుతూ. "నారాయణ నాకూ కాదు, నీకూ కాదులే. అయినా నలుగురైతే మనమే గదా చెల్లీ."

తర్వాత పెద్దరైతు డ్రైవరు వైపు తిరిగాడు. "నీ బండి గూడా ఆమె మూటలతోనే లేచింది గదప్పా?" డ్రైవరు తల గోక్కుని, రాత్రి హోటల్ దగ్గర చెప్పిందే మళ్ళీ చెప్పాడు, సగం బాడుగ చాలని. అప్పుడు అమ్మ ఆ లారీ చక్రాన్ని ఆనుకుని కింద కూర్చుని, కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది. వాగు దగ్గర రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది.

మొత్తం పూడిందని చెప్పను. ఆ క్రిస్మస్‌కు కొత్త బట్టలు లేవు, చాలా రోజులు సంగటీ పచ్చిమిరపకాయ కారమే. కానీ మా తలుపుకు తాళం పడలేదు. సెలవులు అయిపోగానే నేను మళ్ళీ కర్నూలు బస్సెక్కాను.

ఆ చలికాలంలోనే మా సార్ క్లాసులో రోడ్సు న్యాయం చెప్పారు. అసలు గ్రీకు పాఠం పోయిందట, రోమన్లు తమ న్యాయగ్రంథాల్లో ఎత్తి రాసుకోవడం వల్ల బతికిందట. ఓడ తేలిక చేయడానికి పారేసిన సరుకు అందరి కోసం పోయింది కాబట్టి, సరుకు మిగిలినవాళ్ళందరూ కలిసి ఆ నష్టం పూడ్చాలి. ఆయన మామూలుగా చదువుకుంటూ పోతున్నారు. నేను బెంచీ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. "ఏమమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడిగారు. "బాగుంది సార్. మా ఊరోళ్ళు కూడా ఇట్లే చేసినారు," అన్నాను. అప్పుడు ఆయన పుస్తకం పక్కన పెట్టి, నాచేత మొత్తం చెప్పించారు.

ఆ సాయంత్రమే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను, క్రీస్తు పుట్టకముందే సముద్రాల మీద ఈ న్యాయం ఉండేదని. ఓడ యజమాని కూడా తన వంతు ఇచ్చుకోవాలని చెప్పేసరికి అమ్మ పట్టుకుంది. "అదీ మాట! చూసినావా, మనోడు సగం బాడుగతో తప్పించుకున్యాడు," అంది. ఆ తర్వాత డ్రైవరు కనిపించినప్పుడల్లా రోడ్సు పేరు చెప్పి పీక్కుతినేది.

ఉద్యోగం వచ్చాక స్వీట్లు తీసుకుని ఇద్దరు మామల ఇళ్ళకూ పోయాను. సాయిబు మామ కళ్ళనీళ్ళు పెట్టుకుని దువా చేశాడు. పెద్దరైతు మామ మాత్రం డబ్బా పక్కన పెట్టేశాడు. "మీరు ఆ రోజు గుర్తులు కోయకపోతే ఈ పొద్దు నేను మిరపచేన్లో ఉందును మామా. మీ రుణం తీర్చుకోలేను," అన్నాను.

"మేము కోసింది తాళ్ళు పాపా," అన్నాడు. "నువ్వు చెప్పే ఆ ఓడలోళ్ళకు ముందే తెలుసంటివి, పారేస్తే అందరూ పూడుస్తారని. మీ యమ్మకు ఎవురు చెప్పినారు? ఆ వాగులో మేము ఒక్క మాట ఇయ్యలే. ఇయ్యాలని అప్పుడు మాకు తోచనన్నా తోచలే. పోతే నీ చదువు పోతాదని తెలిసే తోసింది. నాకు చెప్పేది ఆమెకు చెప్పుపో."

ఇన్నేళ్ళలో అమ్మకు నేను ఆ మాట చెప్పలేదు. ఎవరైనా అమ్మకు థాంక్స్ చెబుతారా? నేరుగా చేనికి పోయాను. అమ్మ కలుపు తీస్తోంది. నా చదువునే నీళ్ళలోకి తోయాల్సి వస్తే ఎంత ఏడ్చుకుని ఉంటావో, అయినా తోసి నలుగురినీ బతికించావని, పెద్దరైతు చెప్పిందంతా చెప్పాను.

అమ్మ తిక్కదాన్ని చూసినట్టు చూసింది. "నీ చదువు యాడ గుర్తొచ్చింది నాకు?" అంది. "నువ్వు ఆ పక్క కూర్చోనుంటివి. బండి ఆ పక్కకే వాలతాండె."

నేను అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. అమ్మ ఇంకో సాలు పట్టుకుంది.